విజయనగరం పెట్టెలోని ఐదు వెన్నుపూసలు

విజయనగరం కోటకి దగ్గర్లో ఒక పాత పెంకుటిల్లు పడగొట్టే ముందు అటక మీంచి ఒక టేకు పెట్టె దింపారు. లోపల పాత పంచెల మధ్య ఐదు ఎముకలు. ఐదూ వెన్నుపూసలే. ఇంటివాళ్లు వాటిని ఊళ్లోని ఒక ప్రభుత్వ హైస్కూలుకి ఇచ్చేద్దామనుకున్నారు. ఏది దేని ఎముకో రాసిస్తే అద్దాల బీరువాలో పెడతామని స్కూలువాళ్లు అన్నారు. ఆ చీటీలు రాసే పని నాకు వచ్చింది. నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి జంతుశాస్త్రం చెబుతాను. వెన్నెముక గల జంతువుల అస్థిపంజరాలు పోల్చి చెప్పడం నా పాఠం. అందుకని ఈ చుట్టుపక్కల వింత ఎముక ఎక్కడ బయటపడినా సాధారణంగా నా బల్ల మీదకి చేరుతుంది.

పెట్టెతో పాటు ఒక కథ కూడా వచ్చింది. "మా మావగారు గరివిడి వేపు నుయ్యి తవ్విస్తే దొరికాయి బాబూ. రాక్షసిబల్లివని అప్పట్లోనే ఒక దొరగారు చెప్పారట" అన్నారు ఆ ఇంటి మామ్మగారు. ఆవిడ మనవడు కొంచెం సవరించాడు: "అన్నీ నూతిలోవి కాదు మాస్టారూ. ఒకటి చంపావతి ఇసకలో దొరికింది. ఒకటి కోనాడ ఒడ్డుది. ఇంకొకటి మా బాబాయి ఫారిన్ నుంచి తెచ్చాడు. ఏది ఏదో మాత్రం నాకు తెలీదు."

ఈ రెండు మాటలూ నోట్సులో యథాతథంగా రాసుకున్నాను. ఎముకని చూడకముందే కథని కొట్టిపారేయకూడదు, నమ్మేయనూ కూడదు. దాన్ని కూడా పరీక్షకి పెట్టాలి.

నూతి కథ ఎంతవరకు నిలుస్తుంది

గరివిడి, చీపురుపల్లి, బొబ్బిలి ప్రాంతాల్లో మట్టి దాటి లోతుకి తవ్వితే తగిలేది ఖొండలైటు, చార్నొకైటు, గ్రానైటు నైస్ లాంటి రాళ్లు. ఇవి తూర్పు కనుమల రాళ్లు. గరివిడి మాంగనీసు గనులు కూడా ఈ రాళ్లలోనే ఉన్నాయి. అక్కడి కోడూరు గని పేరు మీదే కోడురైటు అనే రాతికి ఆ పేరు పెట్టారు. ఖొండలైటు ఒకప్పుడు బురదా ఇసకా పేరుకున్న అవక్షేపమే. కాని అది భూమి లోతుల్లోకి దిగి, విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై, గార్నెట్, సిల్లిమనైటు స్ఫటికాలుగా మారిపోయింది. ఈ మార్పు సుమారు 100 కోట్ల ఏళ్ల కిందటి మాట. వెన్నెముక గల జంతువులు భూమి మీద కనిపించింది అందులో సగం కాలం కిందట, అంటే 50 కోట్ల ఏళ్ల పైచిలుకు. వెన్నెముకే పుట్టని కాలపు రాతిలో వెన్నుపూస ఉండే వీలు లేదు. ఒకవేళ ఉందనుకున్నా ఆ వేడికి మిగలదు.

ఆ రాళ్ల మీద పరుచుకున్న ఎర్రమట్టి, ఏటి ఒండ్రు, తీరపు ఇసక చాలా కొత్తవి. వాటిలో ఎముకలు దొరుకుతాయి. అవి ఆవులవి, గేదెలవి, లేళ్లవి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్ర జంతువులవి.

రాక్షసిబల్లుల ఎముకలు తెలుగు నేల మీద లేవని కాదు. ప్రాణహిత, గోదావరి లోయలో కోట శిలలనే జురాసిక్ రాళ్లున్నాయి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్‌కి 1988లో యాదగిరి పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టి ఉంది. అదే లోయలో దొరికిన బారపాసారస్ 1975లో లోకానికి తెలిసింది, అది కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. అక్కడ రాళ్లు నదులూ చెరువులూ పేర్చిన పొరలు, ఎముకని దాచగలవు. మన జిల్లాల్లో అలాంటి పొరలు లేవు. కాబట్టి పెట్టెలో నిజమైన శిలాజం ఏదైనా ఉంటే అది బయటినుంచి వచ్చినదే అయ్యుండాలి. ఎముకని ముట్టుకోకముందే ఇంత తేలింది.

ముందు ఎముకని సరిగ్గా నిలబెట్టడం

వెన్నుపూసకి రెండు ముఖ్య భాగాలు. కింద మొద్దులా ఉండేది సెంట్రమ్. దాని మీద వెన్నుపాముని కప్పుతూ ఉండేది నాడీ చాపం. చాపం మీంచి పైకి ముల్లు, పక్కలకి రెక్కలు, ముందూ వెనకా పక్క పూసతో కలిసే చిన్న కీలు ముఖాలు ఉంటాయి. శిలాజాల్లో సాధారణంగా సెంట్రమే మిగులుతుంది, తక్కినవి విరిగిపోతాయి.

ఏ పూసైనా చేతికొస్తే పేరు గురించి ఆలోచించే ముందు పైకప్పు ఏది, ముందువైపు ఏది అని తేల్చాలి. నాడీ నాళం, అంటే వెన్నుపాము వెళ్లే దారి, ఉన్నవైపు పైభాగం. ముందు కీలు ముఖాలు పైకీ లోపలికీ చూస్తాయి, వెనకవి కిందికీ బయటికీ చూస్తాయి. ఇది తేలకుండా 'ముందు గుంట ఉంది' అని రాస్తే ఆ మాటకి విలువ లేదు. ఇలాంటి పొరపాటు ఎంత దూరం పోగలదో చెప్పడానికి అమెరికాలో ఎలాస్మోసారస్ అనే పాతకాలపు సముద్ర సరీసృపం ఉదాహరణ ఉంది. 1868లో ఎడ్వర్డ్ డ్రింకర్ కోప్ దాన్ని వర్ణిస్తూ పొడుగాటి మెడని తోకగా తీసుకుని, తలని తోక చివర పెట్టాడు. 1870లో జోసెఫ్ లైడీ ఆ తప్పుని బయటపెట్టాడు. 70కి పైగా పూసలున్న మెడ అది. పూసల ముందూ వెనకా తారుమారైతే జంతువే తారుమారైంది.

తరవాత కొలతలు: పొడవు, వెడల్పు, ఎత్తు. ఆరు వైపుల నుంచి ఫొటోలు, ప్రతి ఫొటోలో స్కేలు. చాలామంది నాకు వాట్సాప్‌లో ఒకే ఒక్క ఫొటో పంపి 'ఇదేంటండీ' అంటారు. పక్కనుంచి తీసిన ఒక్క ఫొటోలో రెండు చివరలూ కనిపించవు. వెన్నుపూస గురించి సగం మాట ఆ చివరలే చెబుతాయి.

ఆ చివరల్లో నాలుగు రకాలు చూస్తాం. రెండు వైపులా గుంట ఉండేవి ఆంఫీసీలస్. ముందు గుంట, వెనక బుడిపె ఉంటే ప్రోసీలస్. ముందు బుడిపె, వెనక గుంట ఉంటే ఒపిస్థోసీలస్. రెండు వైపులా చదునుగా ఉండేవి నాలుగో రకం. పెట్టెలో నాలుగు రకాలూ ఉండడం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఏ పాఠానికైనా ఇంతకంటే మంచి పెట్టె దొరకదు.

శిలాజం కానివి రెండు

మొదటి వేరుచేత బరువుతో జరుగుతుంది. పచ్చి ఎముక లోపల స్పంజిలా ఖాళీలుంటాయి. శిలాజంలో ఆ ఖాళీల్లోకి ఖనిజం చేరుతుంది కాబట్టి సైజుకి మించిన బరువుంటుంది. అనుమానం తీరకపోతే ఎర్రగా కాల్చిన సూదిని విరిగిన చోట, ఎవరికీ కనపడని మూల ఆనించి చూస్తాను. పచ్చి ఎముకలో కొలాజెన్ అనే ప్రోటీను మిగిలి ఉంటే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది. పాత శిలాజం నుంచి ఏ వాసనా రాదు. నాలుకకి అంటుకుంటే శిలాజమే అని కొందరు నేర్పుతారు. ఆ పరీక్షని నేను లెక్కలోకి తీసుకోను, ఎండిన పచ్చి ఎముక కూడా నాలుకని పట్టుకుంటుంది.

సూదికి రెండు పూసలు కంపు కొట్టాయి.

అందులో చిన్నదాన్నే ఇంట్లోవాళ్లు అసలైన రాక్షసిబల్లి ఎముక అని నమ్మారు. ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. ముందు వైపు గుండ్రటి బుడిపె, వెనక లోతైన గుంట. సారోపాడ్లు అనే పొడుగు మెడ రాక్షసిబల్లుల మెడ పూసలు కూడా ఇలాగే ఉంటాయి. ఎవరో పుస్తకంలో ఆ బొమ్మ చూసి పోల్చి ఉంటారు, ఆ పోలిక అబద్ధం కాదు. కాని ఆవు, గేదె, గుర్రం మెడ పూసలకీ అదే ఆకారం. బరువైన తలని మోస్తూ అన్ని వైపులా వంగాల్సిన మెడకి ఆ కీలు పనికొస్తుంది. రెండు వేర్వేరు వంశాల్లో అది విడివిడిగా ఏర్పడింది.

పక్క రెక్క మొదట్లో ముందునుంచి వెనక్కి దూసుకుపోయే ఒక రంధ్రం ఉంది. క్షీరదాల మెడ పూసల్లో రక్తనాళం వెళ్లే దారి అది. అయితే దీన్ని ఒక్కదాన్నే పట్టుకుంటే ఇబ్బంది. సారోపాడ్ల మెడలో పక్కటెముక రెండు తలలతో పూసకి అతుక్కున్నప్పుడు కూడా అక్కడ సందు మిగులుతుంది. అందుకని తీర్పు వేరే గుర్తు మీద ఆధారపడింది. సెంట్రమ్ అంచుకి కొంచెం లోపలగా చుట్టూ ఒక సన్నటి గీత పోతోంది. క్షీరదాల పూసకి రెండు చివరలా పలచటి ఎముక బిళ్లలు విడిగా పుట్టి, ఎదుగుదల అయ్యాక మొద్దుకి అతుక్కుంటాయి. ఆ అతుకు గీతే ఇది. మొసళ్లకీ రాక్షసిబల్లులకీ పూస చివర ఇలాంటి బిళ్లలు ఉండవు. ఇది గేదె మెడ పూస. నా దగ్గర ఉన్న గేదె అస్థిపంజరంలోని ఐదో మెడ పూస పక్కన పెట్టి చూస్తే ముల్లు వంపు దగ్గర్నుంచి అన్నీ సరిపోయాయి. చంపావతి ఇసకలో దొరికినది ఇదేనని అనుకోవడానికి ఆధారం కూడా ఉంది: నాడీ నాళంలో ఏటి ఇసక ఇంకా ఇరుక్కునే ఉంది, అందులో గార్నెట్ గింజలు మెరుస్తున్నాయి. మన నదులు ఖొండలైటు కొండల్ని కోసి తెచ్చే ఇసకలో గార్నెట్ మామూలే.

రెండోది పెద్దది, అడ్డంగా జానెడు ఉంటుంది. రెక్కలు విరిగిపోయి, అలలకి అరిగి నున్నబడింది. రెండు చివరలూ చదును. పైగా ఆ చదును మీద మధ్యనుంచి అంచుకి పాయలు పాయలుగా గరుకు గీతలు. ఎముక బిళ్ల ఊడిపోయాక కనిపించే ముఖం ఇది. అంటే క్షీరదం, అదీ పూర్తిగా ఎదగనిది. ఇంత పెద్ద క్షీరదం, ఎముక నిండా స్పంజిలాంటి ఖాళీలు, కాల్చినప్పుడు నూనె కంపు. తిమింగలం అని తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ కుటుంబానికి తెలిసిన ఒక పెద్దాయన కోనాడలో వేటకెళ్లేవాడు. ఫోన్‌లో అడిగితే ఆయన వెంటనే చెప్పాడు: "అది సేప ఎముకే బాబూ. అప్పట్లో పెద్ద తిమింగలం ఒడ్డుకి కొట్టుకొచ్చీసింది. మా ఊరోళ్లందరం సూసినాం. ఎముకలు ఎవులికి కావాలంటే ఆళ్లు అట్టుకుపోనారు." చేప కాకపోవచ్చు కాని సాక్ష్యం మాత్రం గట్టిదే.

తిమింగలం పూసని సరీసృపానిది అనుకోవడం చరిత్రలో పెద్దవాళ్లకీ జరిగింది. 1834లో రిచర్డ్ హార్లన్ అమెరికాలో దొరికిన భారీ పూసలు చూసి, సముద్రపు రాక్షస సరీసృపం అనుకుని దానికి బాసిలోసారస్ అని పేరు పెట్టాడు. 1839లో రిచర్డ్ ఓవెన్ దాని పళ్లకి రెండేసి వేళ్లున్నాయని చూసి అది క్షీరదం, పాతకాలపు తిమింగలం అని తేల్చాడు. పేరు మాత్రం మారలేదు. పూస పెద్దది కాబట్టి రాక్షసిబల్లి అనే ఆలోచన ఎప్పుడు వచ్చినా నేను ముందు చివరల్లో బిళ్ల గీత కోసం వెతుకుతాను.

ఈ పూస విషయంలో ఇంకొక పని తప్పదు. తిమింగలాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ పొందినవి. వాటి ఎముకైనా ఇష్టం వచ్చినట్టు ఇంట్లో దాచుకోవడం, అమ్మడం కుదరదు. దొరికింది ఎప్పుడో అయినా, తెలిసిన రోజు నుంచి బాధ్యత మొదలైనట్టే. మనవడి చేత అటవీశాఖకి రాతపూర్వకంగా తెలియజేయించాం.

బిళ్ల పూస

మిగిలిన మూడింటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇది. వెడల్పు ఆరు సెంటీమీటర్లు, మందం రెండున్నర కూడా లేదు. ముదురు బూడిద రంగు, చేతిలో బరువు. నాడీ చాపం లేదు. రెండు ముఖాలూ లోపలికి బాగా గుంటపడి, మధ్యలో దాదాపు ఒకదాన్నొకటి తాకుతున్నాయి, రెండు గరాటుల మూతులు ఎదురెదురుగా ఆనించినట్టు.

ఇలాంటి బిళ్లని చూడగానే మూడు గుంపులు గుర్తుకు రావాలి: సొర చేపలు, ఎముక చేపలు (నిజమైన ఎముకలుండే మామూలు చేపలు), ఇక్తియోసార్లు అనే అంతరించిన సముద్ర సరీసృపాలు. మూడూ నీళ్లలో ఒళ్లూ తోకా ఊపుతూ ఈదేవే, మూడింటికీ పొట్టి పూసలే. నెట్‌లో అమ్మే 'ఇక్తియోసార్ పూస'ల్లో సొర పూసలు కలిసిపోవడం నేను చాలాసార్లు చూశాను.

సొర పూస అసలు ఎముక కాదు, కాల్షియం పట్టిన మృదులాస్థి. గుంట ముఖం మీద ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు కనిపిస్తాయి. అంచు పలచగా ఉంటుంది. పక్క గోడ మీద, పైనా కిందా జతలుగా, చాపాలు కూర్చునే పల్లాలు ఉంటాయి. పక్కటెముక కోసం పొడుచుకొచ్చిన బుడిపెలు ఉండవు. ఎముక చేప పూసకి గరాటులు ఇంకా లోతు, పక్క గోడ వలలా చిల్లులు చిల్లులుగా ఉంటుంది, చాపం సాధారణంగా మొద్దుతోనే కలిసిపోయి ఉంటుంది. ఈ తేడా చూపించడానికి నేను భావనపాడు రేవులో కొన్న పెద్ద వంజరం వెన్నుని ఉడకబెట్టి, శుభ్రం చేసి దగ్గర పెట్టుకుంటాను. ఏ పుస్తకమూ ఆ పని చేయలేదు.

పెట్టెలోని పూస ఈ రెండిట్లోనూ చేరలేదు. విరిగిన మూల దగ్గర లెన్స్‌తో చూస్తే లోపల స్పంజి ఎముక, ఖాళీల్లో తెల్లటి కాల్సైటు. అంచు మందం. పైభాగాన నడిమిన ఒక నున్నటి పట్టీ ఉంది, అది వెన్నుపాము నేల. దానికి రెండు పక్కలా చాపం కూర్చున్న పొడుగాటి గరుకు చోట్లు. ఇక్తియోసార్లలో చాపం మొద్దుకి గట్టిగా అతుక్కోదు, చచ్చాక ఊడి పోతుంది, అందుకే ఒట్టి బిళ్లలే దొరుకుతాయి.

అన్నిటికంటే గట్టి గుర్తు పక్క గోడ మీద ఉంది. ఒక్కో పక్కన రెండు బుడిపెలు. ఇక్తియోసార్ పక్కటెముకకి రెండు తలలు, ఒక్కో తలకి ఒక్కో బుడిపె. ఈ బుడిపెల్ని చూసి పూస ఒంట్లో ఎక్కడిదో కూడా చెప్పవచ్చు. మెడ దగ్గరా, మొండెం ముందు భాగంలోనూ పై బుడిపె చాపం కూర్చునే చోటుతో కలిసిపోయి ఉంటుంది. వెనక్కి పోయేకొద్దీ బుడిపెలు పక్క గోడ మీద కిందికి జారుతూ, తోకలో రెండూ ఒక్కటవుతాయి. మన పూసలో పై బుడిపె చాపం చోటుని వదిలేసి గోడ నడిమికి దిగింది, కింది బుడిపె అడుగు అంచుకి దగ్గరైంది, ఇంకా కలవలేదు. మొండెం వెనక భాగం, తోకకి ముందు. వందకి పైగా పూసలున్న వెన్నులో ఒక్క పూస తన స్థానాన్ని ఇంత కచ్చితంగా చెప్పడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక్తియోసార్లు రాక్షసిబల్లులు కావు. సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట సముద్రంలోకి దిగిన సరీసృపాలు, 9 కోట్ల ఏళ్ల కిందటికి అంతరించాయి. మన దేశంలోనూ ఉన్నాయి. కచ్‌లో లోదాయి దగ్గర దొరికిన, ఐదున్నర మీటర్ల పొడవుంటుందని అంచనా వేసిన ఇక్తియోసార్ అస్థిపంజరం గురించి 2017లో పరిశోధకులు ప్రకటించారు. ఈ పెట్టెలోది అక్కడిది అనడానికి మాత్రం ఏ ఆధారమూ లేదు. గుంటలో మిగిలిన బూడిదరంగు సున్నపు బురద రాయి మీద పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుసబుసా పొంగింది. అందులో పైరైటు, అంటే ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం, మెరుపులున్నాయి. వెనక పక్క అచ్చుకాగితం ముక్క ఒకటి అతికించి ఉంది, దాని మీద ఒక అంకె మాత్రమే మిగిలింది. నూతిలో దొరికిన ఎముకకి అచ్చు చీటీ ఉండదు. ఎవరో అంకె వేసి, చీటీ అంటించి అమ్మిన సేకరణలోది ఇది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు తీరంలో శిలాజాలు ఏరి అమ్మడం ఒక బతుకుతెరువు. లైమ్ రీజిస్‌లో మేరీ ఆనింగ్ కుటుంబం బతికింది దాని మీదే. అక్కడి జురాసిక్ పొరలు కూడా బూడిదరంగు సున్నపు బురద రాళ్లే. అయినా రంగు కలిసిందని ఊరి పేరు రాయలేం. అలాంటి రాయి యూరప్‌లో చాలాచోట్ల ఉంది.

రెండు రంధ్రాల పూస

దీని మీద కూడా అదే అచ్చుకాగితపు ముక్క, అదే రాయి. బిళ్ల పూసతో కలిపి కొన్నదే అని అనుకోవడానికి అవకాశం ఎక్కువ. ఇది మొద్దుగా ఉంది, పొడవు వెడల్పుకి కొంచెమే తక్కువ. రెండు ముఖాలూ కాస్త లోపలికి వంగాయంతే, దూరం నుంచి చదునుగానే కనిపిస్తాయి. క్షీరదం కాదు, బిళ్ల గీత లేదు.

తిప్పి అడుగు చూస్తే పక్కపక్కన రెండు రంధ్రాలు. ఇవి రక్తనాళాలు లోపలికి వెళ్లిన దారులు, ప్లీసియోసార్లు అనే పాతకాలపు సముద్ర సరీసృపాల పూసలకి పెట్టింది పేరు. అయితే తిమింగలం పూసల్లో కూడా చిన్న రంధ్రాలు కనిపించవచ్చు కాబట్టి చివరల ఆకారంతో కలిపి చదవాలి. పక్క గోడలో బాగా కింద పక్కటెముక కూర్చునే పల్లాలు జంటగా ఉన్నాయి. ప్లీసియోసార్ల మెడలో పక్కటెముక సెంట్రమ్‌కే అతుక్కుంటుంది, మొండెంలో అయితే చాపం రెక్కలకి మారిపోతుంది. కాబట్టి ఇది మెడ పూస. పల్లాలు జంటగా ఉండటం జురాసిక్ తొలినాటి ప్లీసియోసార్లలో మామూలు. చాపం అతుకు దగ్గర విరుపు లేదు, శుభ్రంగా విడిపోయింది, అంటే అప్పటికి పూర్తిగా ఎదగని జంతువు.

మేరీ ఆనింగ్ 1823లో మొదటి పూర్తి ప్లీసియోసార్‌ని బయటికి తీసినప్పుడు, ఆనాటి మహా శరీర శాస్త్రవేత్త కువియేకి నమ్మకం కుదరలేదు. మెడలో పూసలు మరీ ఎక్కువున్నాయి, రెండు జంతువుల్ని అతికించారేమో అని ఆయన అనుమానం. 1824లో లండన్ జియలాజికల్ సొసైటీలో చర్చ అయ్యాక ఆ ఎముకలు నిజమైనవని ఒప్పుకోక తప్పలేదు. నాకు ఈ సంగతి ఎందుకు ముఖ్యమంటే, అనుమానం పుట్టింది పూసల లెక్క దగ్గర, తీరిందీ పూసలు చూశాకే.

బాబాయి తెచ్చినది

ఐదోది లేత పసుపు రంగు, మీద ఇసక పొర, పైన పొడుగాటి ముల్లు. ముందు గుంట, వెనక చక్కటి గుండ్రటి బుడిపె. ఉడుము పూస పక్కన పెట్టండి, అదే నమూనా పెద్దదై కనిపిస్తుంది. పక్కటెముకకి సెంట్రమ్ మీద ఒకే ఒక్క బలమైన కీలు ఉంది. మొసలి వెన్ను పూసకైతే చాపం నుంచి వచ్చే రెక్క మీద రెండు చోట్లుంటాయి. పాము పూసకి చాపంలో అదనపు కీలు జత ఉంటుంది, ఇక్కడ అది లేదు. మోససార్, అంటే ఉడుముల వైపు చుట్టరికం ఉన్న సముద్రపు బల్లి. రాక్షసిబల్లులతో పాటే 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించింది.

రంగూ ఇసకా చూస్తే మొరాకో ఫాస్ఫేటు గనుల సరుకు గుర్తుకొస్తుంది. ఖురిబ్గా చుట్టుపక్కల గనుల్లోంచి మోససార్ పళ్లూ పూసలూ ప్రపంచమంతా అమ్ముడవుతాయి. బాబాయిగారికి ఫోన్ చేస్తే మొరాకోలోనే కొన్నానన్నారు. ఆ సరుకులో అతుకులు ఎక్కువ. నోట్లు చూసే యూవీ లైటు వేస్తే ముల్లు మొదట్లో ఒక గీత నీలంగా వెలిగింది. అక్కడ దూదితో అసిటోన్ రాస్తే ఇసక జిగురుతో సహా ఊడొచ్చింది. సెంట్రమ్ అసలైనది, ముల్లు మాత్రం ఇసకా జిగురూ కలిపి పోసినది. చీటీ మీద ఆ మాట రాశాను. పిల్లలు చూసే బీరువాలో ఏది ఎముకో ఏది పూతో తెలియాలి.

చీటీ మీద ఎంతవరకు రాయాలి

ఇంటివాళ్లు జాతి పేరు కావాలని అడిగారు. ఇక్తియోసారస్ ఏ రకం, ప్లీసియోసారస్ ఏ రకం అని. నేను రాయలేదు. దొరికిన చోటూ పొరా తెలియని విడి పూస గుంపు వరకే మాట్లాడుతుంది. 'ఇక్తియోసార్, మొండెం వెనక భాగపు పూస', 'ప్లీసియోసార్, ఎదగని జంతువు మెడ పూస' అని రాయడం తక్కువ చేసినట్టు కాదు. ఆ ఎముక రుజువు చేయగలిగినదంతా అందులో ఉంది.

మన దేశపు చరిత్రలో ఇందుకు రెండు ఉదాహరణలు ఉన్నాయి. జబల్‌పూర్‌లో 1828లో స్లీమన్‌కి దొరికిన తోక పూసల ఆధారంగా 1877లో లైడెక్కర్ ఒక రాక్షసిబల్లికి టైటానోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. ముందు గుంట, వెనక బుడిపె ఉన్న తోక పూస అప్పట్లో వింత. తరవాత అలాంటి తోక ఉన్న జంతువులు ఎన్నో ఖండాల్లో బయటపడ్డాయి, ఆ గుర్తు ఒక్క జంతువు సొత్తు కాకుండా పోయింది. 2003లో పరిశోధకులు ఆ పూసలతో జాతిని వేరుచేయలేమని తేల్చారు. ఇంకోపక్క, కచ్‌లో పానంధ్రో లిగ్నైటు గనిలో దొరికిన 27 పూసలతోనే రూర్కీ ఐఐటీవాళ్లు 2024లో వాసుకి ఇండికస్ అనే భారీ పాముకి పేరు పెట్టగలిగారు. అవి మొదట మొసలివి అనుకున్నవే. 11 నుంచి 15 మీటర్ల పొడవని అంచనా, సుమారు 4.7 కోట్ల ఏళ్ల నాటిది. తల దొరకలేదు. కాని పూసలు ఎక్కువ, బాగా మిగిలినవి, అన్నిటికంటే ముఖ్యంగా ఏ పొరలోంచి వచ్చాయో తెలుసు. అటక మీది పెట్టెకి ఆ భాగ్యం లేదు.

అందుకే మామ్మగారి కథని కూడా పారేయలేదు. ప్రతి చీటీ వెనక 'ఇంటివారు చెప్పినది' అని శీర్షిక పెట్టి ఆవిడ మాట, మనవడి మాట, కోనాడ పెద్దాయన మాట, బాబాయి మాట వేరువేరుగా రాయించాను. పక్కన 'గరివిడి రాళ్లలో దొరికే వీలు లేదు' అని కారణంతో సహా. ఆవిడకి ఇది చదివి వినిపించినప్పుడు, "మరి మా మావగారు అబద్ధం ఆడారంటారా?" అని అడిగారు. ఆయన నుయ్యి తవ్వించారు, ఆయన దగ్గర రాక్షసి జంతువుల ఎముకలూ ఉన్నాయి, ఆ రెండు నిజాలూ ఇంట్లో చెప్పుకునేటప్పుడు ఒకటైపోయి ఉంటాయని చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు.

గేదె పూసని వదిలేద్దామని స్కూలువాళ్లు అన్నారు. నేను పట్టుబట్టి బీరువాలోనే పెట్టించాను, దాని పక్కన సారోపాడ్ మెడ పూస బొమ్మతో. పిల్లలు రెండిటినీ చూసి తేడా తామే పట్టుకోవాలి. బిళ్ల గీత ఎక్కడుందో చీటీలో రాయలేదు, టీచరుకి మాత్రం చెప్పాను. తిమింగలం పూస విషయం అటవీశాఖవారు చెప్పినట్టు జరుగుతుంది. బీరువాలో ప్రస్తుతానికి దాని ఫొటో, కొలతలు ఉన్నాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం స్కూలువాళ్లకి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఇక్తియోసార్, ప్లీసియోసార్ పూసల్లో పైరైటు ఉంది. మన తీరపు తేమకి పైరైటు ఆక్సీకరణం చెంది గంధకామ్లం పుడుతుంది, తెల్లటి పసుపు పొడి రాలుతుంది, ఎముక లోపలినుంచి పగిలి ముక్కలవుతుంది. పంచెలు చుట్టిన టేకు పెట్టెలో ఇన్నాళ్లు నిలిచాయి కాని బిళ్ల పూస అంచున ఆ పొడి అప్పటికే కనిపించింది. దాన్ని మెత్తటి బ్రష్‌తో దులిపి, రెండిటినీ గాలి చొరని డబ్బాల్లో సిలికా జెల్‌తో పెట్టాం. జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ పెట్టాలి. వానాకాలంలో అది త్వరగా మారుతుంది. ఆ పని తొమ్మిదో తరగతి సైన్సు క్లబ్బు పిల్లలు తీసుకున్నారు.